లోతు తక్కువ నీళ్ళలో ఔట్‌బోర్డ్ ఇంజను వేడెక్కుతోందా? గోదారి పాయల్లో బోటు నడిపేవాళ్ళు ఏం చూడాలి, ఏం చేయాలి

గోదావరి డెల్టాలో ఔట్‌బోర్డ్ ఇంజనుతో (బోటు వెనక బయటికి బిగించే ఇంజను) బోటు నడిపే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు, ఇంజను వేడెక్కిందని హెచ్చరించే ఆ హారన్ వినపడుతుంది. పాటు తీస్తున్న వేళ, అంటే నీళ్ళు సముద్రంలోకి వెనక్కి దిగుతున్న వేళ, కోరంగి మడ అడవుల మధ్య ఏ సన్నపాయలోనో, ఇంజను తనంతట తానే వేగం తగ్గించుకుని ఆగకుండా కూత పెడుతుంది. చిన్న ఇంజన్లలో, పాత ఇంజన్లలో ఆ కూత కూడా ఉండకపోవచ్చు. పెయింటు కాలిన వాసన వస్తుంది, లాగుడు తగ్గుతుంది, కాసేపటికి ఇంజను పట్టేస్తుంది.

వేటకి వెళ్ళేవాళ్ళకీ, సందర్శకుల్ని తిప్పే బోట్లవాళ్ళకీ, వరదల్లో లంక గ్రామాలకి బియ్యం, పాలు, మందులు మోసే బోట్లవాళ్ళకీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. పొడుగాటి షాఫ్టు ఉన్న లాంగ్‌టెయిల్ డీజిల్ ఇంజన్ల లెక్క వేరు. వాటి జోలికి వెళ్ళడం లేదు.

ముందే ఒక మాట. ఇంజను వేడెక్కిందనగానే ఇంపెల్లర్ (నీళ్ళని పైకి తోసే రబ్బరు రెక్కల చక్రం) మార్చెయ్యడం, లేదా థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచి మూసే వాల్వు) పీకి పారెయ్యడం మన రేవుల్లో బాగా అలవాటైన వైద్యాలు. మొదటిది చాలాసార్లు అనవసరం, రెండోది హానికరం. నీళ్ళు ఇంజనులోకి వచ్చే దారిని బయటి నుంచి లోపలికి వరసగా చూసుకుంటూ వెళ్ళండి. ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత. ఆ వరసలోనే చెబుతాను.

నీళ్ళు ఏ దారిన వస్తాయి

ఔట్‌బోర్డ్‌కి కారుకున్నట్టు రేడియేటర్ ఉండదు. గోదారి ఏ నీళ్ళిస్తే అవే ఇంజను లోపల తిరుగుతాయి. కింద గేర్‌కేస్‌కి (గేర్లుండే కింది భాగం) రెండు పక్కలా, ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) కాస్త ముందు, చిన్న చిన్న చీలికలున్న జల్లెడ ఉంటుంది. నీళ్ళు పీల్చేది అక్కడే. దాని పైన డ్రైవ్ షాఫ్టు చుట్టూ ఒక గిన్నెలో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ తిరుగుతూ నీళ్ళని గొట్టంలోంచి పైకి తోస్తుంది. పంపు అంటే ఇదే. అవి సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడిని లాక్కుని, థర్మోస్టాట్ దాటి, ఎక్కువ ఇంజన్లలో పొగతో కలిసి కిందికి పోతాయి. కొద్దిపాటి నీళ్ళు మాత్రం ఇంజను కవరు కింద, పక్కకో వెనక్కో సన్నటి ధారగా చిమ్ముతాయి. ఆ ధారనే టెల్‌టేల్ అంటారు.

ఈ ధార గురించి చాలామందికి ఉన్న నమ్మకం ఒకటి సరిచేసుకోవాలి. చాలా మోడళ్ళలో ఈ ధార థర్మోస్టాట్ దాకా వెళ్ళకముందే పక్కకి చీలుతుంది. కాబట్టి ధార బాగా వస్తోందంటే పంపు పనిచేస్తోందని మాత్రమే అర్థం. పైన ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోయినా, థర్మోస్టాట్ బిగుసుకుపోయినా, ధార మామూలుగానే రావచ్చు. “నీళ్ళు బానే పోస్తోంది కదా” అని హారన్‌ని లెక్కచెయ్యకుండా నడిపితే పిస్టన్ గీరుకుపోతుంది, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది.

మన దగ్గర కాలాన్ని బట్టి జబ్బు కూడా మారుతుంది. ఎండాకాలంలో నదిలో నీళ్ళు తగ్గి ఉప్పునీళ్ళు పాయల్లోకి ఎగదన్నుతాయి. అప్పుడు లోపల ఉప్పు పేరుకుంటుంది, నీళ్ళలోనే వదిలేసిన ఇంజను జల్లెడకి గుల్లలు అంటుకుంటాయి. జూలైలో ఎర్రనీరు (వరద బురదనీరు) వచ్చాక ఒండ్రు, సన్నిసుక, గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన చెత్త. ఒండ్రుతో కలిసిన ఇసుక ఇంపెల్లర్‌నీ దాని గిన్నెనీ గరుకుకాగితంలా అరగదీస్తుంది. పుస్తకంలో ఇంపెల్లర్‌కి రాసిన గడువు శుభ్రమైన నీళ్ళకి రాసింది. వరద నెలలు మొత్తం తిరిగిన ఇంజనుకి ఆ గడువుని సగం చేసుకోండి.

బయలుదేరే ముందు

ఇంజను బిగించిన ఎత్తు ముందు చూడండి. ఫ్యానుకి పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది. బోటు అడుగుకి ఒక తిన్నటి కర్రని ఆనించి వెనక్కి చాచితే, మామూలుగా ఆ పలక కర్రకి సమంగానో, రెండు మూడు సెంటీమీటర్లు కిందకో ఉండాలి. లోతు లేదని ఇంజనుని బాగా పైకి బిగించేస్తే జల్లెడ నీటి మట్టానికి దగ్గరవుతుంది, వేగం అందుకోగానే గాలి పీలుస్తుంది. కొనేటప్పుడు షాఫ్టు పొడవు కూడా ఇందుకే చూడాలి. పొట్టి షాఫ్టు 15 అంగుళాలు, పొడుగుది 20 అంగుళాలు. మన ఫైబర్ బోట్లలో ఇంజను బిగించే వెనక చెక్క ఎత్తు ఒక్కో అచ్చుకి ఒక్కోలా ఉంటుంది. అందుకని ఇంజను కొనే ముందే టేపు పట్టుకుని కొలుచుకోండి.

పాయల్లో తిరగడానికి ఇంజనుని పైకి ఎత్తే తీరాలంటే, ఒక్కసారిగా ఎత్తొద్దు. ఒక్కో సెంటీమీటరు చొప్పున ఎత్తి, లోతున్న చోట పూర్తి వేగంతో తిన్నగా, ఆ తర్వాత మలుపు తిప్పుతూ చూడండి. మలుపులోనే గాలి ముందు చొరబడుతుంది. ధార తెగిందంటే ఒక సెంటీమీటరు దించండి, మీ బోటుకి హద్దు అదే. జల్లెడకి సరిగ్గా ఎదురుగా బోటు అడుగున ఏదైనా బిగించి ఉందేమో కూడా చూడండి. లోతు చూపే యంత్రం తాలూకు సెన్సారో, అతుకు వేసిన ఫైబర్ దిమ్మో ఉంటే, నీళ్ళు దాని మీద నుంచి బుడగలతో చిలికి వస్తాయి. ఎత్తు సరిగ్గా ఉన్నా ఇంజను వేడెక్కే బోట్లలో ఇది ఒక్కోసారి బయటపడుతుంది.

తర్వాత జల్లెడ. వేలితో తడిమి చూడండి. గుల్లలుంటే పాత టూత్‌బ్రష్షుతో, చెక్కపుల్లతో తియ్యండి. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే చీలికలు పెద్దవై రేపు గులకరాళ్ళు కూడా లోపలికి పోతాయి. నీళ్ళు బాగా రావాలని జల్లెడ బెజ్జాల్ని డ్రిల్లుతో పెద్దవి చేయించే అలవాటు మంచిది కాదు. బెజ్జం ఎంత పెద్దదైతే అంత చెత్త నేరుగా పంపులోకి చేరుతుంది.

ఇంజను స్టార్టయ్యాక ధార కోసం చూడండి. అర నిమిషం దాటినా రాకపోతే ఆపెయ్యండి. చాలా రోజులు వాడని ఇంజనైతే ముందు ధార వచ్చే బెజ్జమే అనుమానించాలి. కుమ్మరి పురుగు అందులో మట్టిగూడు కట్టేస్తుంది. లావుపాటి నైలాన్ దారం ముక్క దూర్చి మెల్లగా ఆడిస్తే మట్టి రాలిపోతుంది. ఇనపతీగ వాడొద్దు, లోపలి రబ్బరు గొట్టం చిల్లుపడుతుంది. అందుకని ఆ నైలాన్ దారం ముక్కని బోటులోనే ఎప్పుడూ ఉంచుకోండి.

ధార ఎంత దూరం పడుతోంది, ముట్టుకుంటే ఎంత వెచ్చగా ఉంది అన్నది ఇంజను బాగున్న రోజునే గమనించి పెట్టుకోండి. జబ్బు చేసిన రోజు పోల్చుకోవడానికి అదే ఆధారం. పాయల్లోనే రోజూ తిరిగేవాళ్ళు ఖర్చుకి వెనకాడకుండా నీటి ఒత్తిడి చూపే మీటరు ఒకటి పెట్టించుకోవాలని నా సలహా. హారన్ ఇంజను వేడెక్కాక మోగుతుంది. మీటరు ముల్లు నీళ్ళు తగ్గిన క్షణమే పడిపోతుంది.

పాయల్లో నడిపేటప్పుడు

పోటు పాటుల్ని చూసుకుని బయలుదేరండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. ఇది మన వేటవాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, బయటి నుంచి వచ్చి కొత్తగా బోటు తిప్పేవాళ్ళకి చెప్పాలి. తెలియని పాయలోకి పోటు ఎక్కుతున్నప్పుడే వెళ్ళండి. మేటకి (నీళ్ళ కింది ఇసుక దిబ్బకి) తగిలినా కాసేపట్లో నీళ్ళే బోటుని లేపుతాయి. పాటు తీస్తుండగా దూరితే ఆరేడు గంటలు బురదలో కూర్చోవాల్సి రావచ్చు. ఆ కంగారులోనే ఇంజనుని బలవంతంగా రేజ్ చేసి చంపేస్తారు.

నీళ్ళు తగ్గుతున్నాయనిపించగానే వేగం బాగా తగ్గించి, ఇంజనుని లోతు తక్కువ నీళ్ళ టిల్ట్ మెట్టుకి ఎత్తండి. ఆ మెట్టులో నెమ్మదిగా మాత్రమే నడపాలి. ఇంజను వాలుగా లేచినప్పుడు జల్లెడ పైభాగం ముందు బయటపడుతుంది. అక్కడి నుంచి మీ కళ్ళు ధార మీదే ఉండాలి. ధార తిన్నగా కాకుండా తుంపర్లుగా, తెగి తెగి వస్తోందంటే నీళ్ళతోపాటు గాలి పోతోంది. వెంటనే ఒక మెట్టు దించండి, దించే లోతు లేకపోతే ఇంజను ఆపండి. వెనక కూర్చున్న ఇద్దర్ని ముందుకి జరగమంటే బోటు వెనక భాగం కాస్త తేలుతుంది, ఇంజనుని అంత ఎత్తాల్సిన పని ఉండదు.

మేట తగిలాక ఇంజను తిప్పుతూ గుంజొద్దు. ఇంజన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫ్యాను బురదని చిలుకుతుంది, ఆ చిక్కటి బురదనీళ్ళే జల్లెడలోకి పోతాయి. రివర్స్ ఇంకా ప్రమాదం. రివర్సులో ఫ్యాను నీళ్ళని ముందుకి, అంటే నేరుగా జల్లెడ వైపుకే తోస్తుంది, అడుగున లేచిన బురదంతా అక్కడికే వస్తుంది. ఇంజను ఆపి, పూర్తిగా పైకెత్తి, గెడ వేసి నెట్టండి. నడుములోతు నీళ్ళుండి అడుగు గట్టిగా ఉంటే దిగి తోయండి. మడ అడవుల బురదలో మాత్రం దిగొద్దు, కాలు ఊరికే బయటికి రాదు. లోతు దొరికాక ఇంజను దించి, స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఒక నిమిషం ఉంచి ధార తేటబడేదాకా చూడండి.

వరదల్లో లంకల మీద తిరిగే బోట్లకి ఇంకో సంగతి. అక్కడ మీ కింద ఉండేది నది కాదు, చేలు. గడ్డిమోపులు, అరటాకులు, కొబ్బరి మట్టలు, కంచె తీగలు, ప్లాస్టిక్ సంచులు. పది పదిహేను నిమిషాలకోసారి లోతున్న చోట ఆగి, ఇంజను ఎత్తి, జల్లెడ చేత్తో తుడిచేసి వెళ్ళండి. మనిషి ప్రాణం కోసం పరిగెడుతున్నప్పుడు ఆగడం ఇష్టం ఉండదు. కానీ వరద ఉరవడిలో జనంతో నిండిన బోటు ఇంజను పట్టేస్తే వచ్చే ప్రమాదం అంతకన్నా పెద్దది.

హారన్ మోగితే

కంగారుపడి వెంటనే తాళం తిప్పి ఇంజను ఆపెయ్యకండి, అలాగని నడుపుకుంటూ పోవద్దు కూడా. యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించి న్యూట్రల్‌కి తెచ్చి, ధార వైపు చూడండి. ధార వస్తోందంటే, ఒకటి రెండు నిమిషాలు అలా న్యూట్రల్‌లోనే తిరగనివ్వండి, ఇంజను చల్లబడుతుంది. ధార రావడం లేదంటే వెంటనే ఆపండి.

ఆపిన మరుక్షణం లంగరు వెయ్యండి. ఇంజను మీద ధ్యాసలో పడి ఇది మర్చిపోతారు. పాటు తీస్తుంటే బోటు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వైపు కొట్టుకుపోతుంది. మొగ దగ్గర విరిగే అలల్లో ఇంజను లేని బోటు నిలబడదు. లంగరు పడ్డాకే ఇంజను ఎత్తండి. జల్లెడకి చుట్టుకున్న సంచి, గుర్రపుడెక్క వేరు, వల ముక్క తీసెయ్యండి. పనిలో పనిగా ఫ్యాను వెనక నైలాన్ దారం చుట్టుకుందేమో చూడండి. అది వేడెక్కడానికి కారణం కాకపోయినా, లోపలి సీలుని కోసి గేర్‌ ఆయిల్‌లోకి నీళ్ళు పోయేలా చేస్తుంది.

కాలిపోతున్న ఇంజను మీద చల్లటి నీళ్ళు కుమ్మరించొద్దు. అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, పగలొచ్చు కూడా. కవరు తీసి గాలికి వదలండి. అరగంట ఆగి స్టార్ట్ చేసి, ధార నిండుగా వస్తేనే, నెమ్మది వేగంతో రేవుకి చేరుకోండి. మళ్ళీ హారన్ మోగితే ఇంకో బోటుని పిలిచి కట్టించుకుని రండి. తాడు కట్టించుకున్నందుకు ఎవరికీ చిన్నతనం లేదు.

రేవుకి వచ్చాక: జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం

ఏ వేగంలో, ఏ నీళ్ళలో వేడెక్కిందో గుర్తు తెచ్చుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

మెల్లగా వెళ్ళినప్పుడు బానే ఉండి, వేగం పెంచగానే వేడెక్కితే: గాలి పీలుస్తోంది, లేదా జల్లెడ సగం మూసుకుంది, లేదా ఇంపెల్లర్ అరిగింది. లోతు నీళ్ళలో ఇంజను పూర్తిగా దించి నడిపితే బాగుంటే మొదటిదే కారణం, విప్పాల్సిన పని లేదు.

దీనికి తిరగబడి, మెల్లగా వెళ్ళేటప్పుడు వేడెక్కి వేగంలో చల్లబడితే ఇంపెల్లర్ రెక్కలు బలం తప్పాయి. కొన్ని మోడళ్ళలో ఒత్తిడి ఎక్కువైనప్పుడు తెరుచుకునే చిన్న వాల్వు ఉంటుంది, అది ఇసుక పడి తెరుచుకునే ఉండిపోయినా ఇదే లక్షణం.

ధార నిండుగా ఉండి, అయినా హారన్ మోగితే థర్మోస్టాట్, లోపలి దారులు చూడాలి. ధార సన్నబడి, ఇంజను మాత్రం చల్లగానే ఉంటే ముందు నైలాన్ దారంతో ధార బెజ్జం శుభ్రం చేయండి, ఆ తర్వాతే మిగతావి. ధార అసలే లేకపోతే బెజ్జం, జల్లెడ చూశాక ఇంపెల్లర్.

ఇంపెల్లర్ మార్చడం

ఓపిక ఉంటే ఇది మీరే చేసుకోగల పని. కావలసింది శుభ్రమైన చోటు, మీ మోడల్ నంబరుకి సరిపోయే ఇంపెల్లర్ కిట్, మాన్యువల్. ఇసుక ఎగిరే గట్టు మీద కాకుండా కింద గోనెపట్టా పరుచుకుని చేయండి.

ముందుగా ఇంజను పొరపాటున తిరగకుండా తాళం తీసి, ప్లగ్గుల క్యాపులు పీకెయ్యండి. ఇంజను నిలువుగా ఉండాలి, మాన్యువల్ చెప్పిన గేరులో ఉండాలి. గేర్‌కేస్‌ని పట్టి ఉంచే బోల్టులు విప్పండి. ఒక బోల్టు తరచూ అడ్డపలక కింద ఉండే చిన్న తోక పలక వెనక దాగి ఉంటుంది. అది తీయకుండా గుంజి గేర్‌కేస్ విరగ్గొట్టుకోకండి. తోక పలక తీసే ముందు అది ఏ కోణంలో ఉందో గీత గీసుకోండి, లేకపోతే తర్వాత బోటు ఒక పక్కకి లాగుతుంది. ఉప్పుకి పట్టేసిన బోల్టుని బలంగా తిప్పితే తల తెగుతుంది. తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదలండి. గేరు రాడ్డు జాయింటు విడదీశాక గేర్‌కేస్ తిన్నగా కిందికి దిగుతుంది.

పైన పంపు గిన్నె కనపడుతుంది. బోల్టులు తీసి గిన్నె ఎత్తితే ఇంపెల్లర్. దాన్ని చేతిలోకి తీసుకుని నిదానంగా చూడండి. రెక్కలు ఒకవైపుకే వంగి అలాగే గట్టిపడి ఉంటే రబ్బరు ప్రాణం పోయినట్టే. ఒక్కో రెక్కనీ వేలితో ఎదురు వైపుకి వంచండి. రెక్క మొదలు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉంటే అప్పుడు నోరు తెరుస్తుంది. అంచులు నున్నగా అరిగి పొట్టిబడ్డాయంటే ఇసుక పని. రబ్బరు మాడి మెరుస్తుంటే ఎప్పుడో నీళ్ళు లేకుండా తిరిగింది. రెక్క ముక్క ఒక్కటి తక్కువున్నా అది దొరికేదాకా వెతకండి. పైకి వెళ్ళే గొట్టంలోనో, థర్మోస్టాట్ దగ్గరో ఇరుక్కుని ఉంటుంది. ముక్కని లోపల వదిలేసి కొత్తది బిగిస్తే ఇంజను మళ్ళీ వేడెక్కుతుంది, తప్పు కొత్త ఇంపెల్లర్ మీద పడుతుంది.

గిన్నె లోపలి గోడనీ, కింద ఉండే స్టీలు పలకనీ గోటితో గీకి చూడండి. గోరు పట్టేంత గాడులుంటే ఇంపెల్లర్ ఒక్కటే మార్చి లాభం లేదు, కిట్ మొత్తం మార్చాలి. ఎర్రనీళ్ళలో తిరిగిన ఇంజన్లకి దాదాపు తప్పదు.

కొత్తది బిగించేటప్పుడు ఇంపెల్లర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న కీ ముక్క జారిపోకుండా కాస్త గ్రీజుతో షాఫ్టుకి అతికించండి. రెక్కలకి సబ్బునీళ్ళు రాసి, గిన్నెని కిందికి నొక్కుతూ షాఫ్టుని తిప్పండి. ఎక్కువ ఔట్‌బోర్డ్‌లలో పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకి. మీ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. ఎదురు తిప్పితే రెక్కలు తిరగబడి వంగుతాయి. గ్యాస్కెట్లు, ఓ-రింగులు పాతవి పెట్టొద్దు. డ్రైవ్ షాఫ్టు పళ్ళకి ఉప్పునీళ్ళకి తట్టుకునే గ్రీజు రాయండి, షాఫ్టు కొనకి మాత్రం రాయొద్దు, గ్రీజు అడ్డుపడి పూర్తిగా కూర్చోదు. గేర్‌కేస్ ఎత్తి పెట్టేటప్పుడు నీళ్ళ గొట్టం దాని రబ్బరులోకి దిగిందో లేదో టార్చి వేసి చూడండి. అన్నీ సరిగ్గా చేసి ఈ ఒక్కచోట తప్పితే చుక్క నీరు పైకి రాదు. షాఫ్టు పళ్ళు కలవకపోతే ఫ్లైవీల్‌ని చేత్తో కొద్దిగా తిప్పండి. సుత్తితో కొట్టొద్దు.

నీళ్ళు లేకుండా, చూద్దామని కూడా, ఒక్క క్షణం స్టార్ట్ చెయ్యకండి. ఇంపెల్లర్‌కి నీళ్ళే నూనె. డ్రమ్ములో దించాకే తాళం తిప్పాలి.

థర్మోస్టాట్

ఉప్పు పేరుకుని మూసుకునే ఉండిపోతే ఇంజను వేడెక్కుతుంది. అప్పుడు దాన్ని తీసేసి నడిపితే వేడి తగ్గుతుంది, కాబట్టి సమస్య తీరిందనుకుంటారు. తీరలేదు. థర్మోస్టాట్ లేని ఇంజను ఎప్పటికీ తగినంత వేడెక్కదు. ప్లగ్గులు మసిబారతాయి, ఫోర్‌స్ట్రోక్ అయితే పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. కొత్త థర్మోస్టాట్ ధర ఆ నష్టం ముందు చిన్నది.

పరీక్ష ఇంట్లో పొయ్యి మీదే చెయ్యొచ్చు. థర్మోస్టాట్ మూతకీ అంచుకీ మధ్య దారం ఇరికించి, దాన్ని గిన్నెలో నీళ్ళలో వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు. పక్కన వంటింటి థర్మామీటరు. నీళ్ళు మెల్లగా కాగుతుంటే, వాల్వు తెరుచుకోగానే దారం వదిలి థర్మోస్టాట్ టప్పున పడుతుంది. ఆ డిగ్రీల్ని దాని మీద అచ్చువేసిన అంకెతో పోల్చండి. చాలా మోడళ్ళు 50 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకుంటాయి. నీళ్ళు మరుగుతున్నా పడకపోతే మార్చాల్సిందే. ఉప్పు మాత్రమే పట్టి ఉంటే వెనిగర్‌లో గానీ, గోరువెచ్చటి నిమ్మ ఉప్పు నీళ్ళలో గానీ కాసేపు నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి మళ్ళీ పరీక్షించండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ ఇంజను దరిదాపులకి తేవద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

థర్మోస్టాట్ తీసినప్పుడు దాని గూడు లోపల ఏముందో చూడండి. తెల్లటి ఉప్పు పెచ్చులా, గోధుమరంగు ఒండ్రా, రబ్బరు ముక్కలా అన్నదాన్ని బట్టి మీ ఇంజనుని ఏం చంపుతోందో తెలుస్తుంది. అక్కడే చాలా ఇంజన్లలో, ఇంజను బదులు తాను తుప్పుకి అరిగే జింకు ముక్క కూడా ఉంటుంది. సగానికి పైగా అరిగిపోయి ఉంటే మార్చండి.

కడగడం

ఉప్పునీళ్ళలో గానీ బురదలో గానీ తిరిగిన ప్రతి రోజూ ఇంజను లోపల కడగాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆపేసి అలాగే వదిలితే లోపలి ఉప్పునీళ్ళు ఆవిరై పెచ్చు కడతాయి, ఆ పెచ్చు రోజురోజుకీ మందమవుతుంది.

200 లీటర్ల డ్రమ్ము సగం కోసింది చాలామంది వాడతారు, అది లోతు సరిపోదు. జల్లెడ మునిగి, దాని పైన పంపు కూడా మునిగేంత నీళ్ళు ఉండాలి. న్యూట్రల్‌లో, తక్కువ వేగంతో 10 నిమిషాలు. నీళ్ళు వేడెక్కినా, మురికైనా మార్చండి. గొట్టం బిగించే మార్గం ఉన్న ఇంజన్లలో కొన్నిటిని ఇంజను ఆపి ఉంచే కడగాలి, మాన్యువల్‌లో చూసుకోండి.

ఏ నీళ్ళతో కడుగుతున్నారో కూడా ముఖ్యం. కోనసీమ తీరం పొడుగునా చాలా ఊళ్ళలో బోరునీళ్ళే ఉప్పగా ఉంటాయి. నాలుక మీద చుక్క వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే ఆ కడుగుడు కడుగుడు కాదు. పంటకాలువలకి నీళ్ళు వదిలిన రోజుల్లో కాలువ నీళ్ళు తెచ్చి, రాత్రంతా డ్రమ్ములో తేరనిచ్చి, పైతేట వాడుకోవచ్చు. కడిగాక ఇంజనుని నిలువుగా ఉంచి నీళ్ళన్నీ కారిపోనివ్వండి. పైకెత్తి వాలుగా వదిలేస్తే అడుగున మురికి నిలబడిపోతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. బోటు గట్టు మీదే ఉంటుంది కాబట్టి ఇంపెల్లర్, థర్మోస్టాట్, జింకు ముక్క, గేర్‌ ఆయిల్ ఈ నాలుగూ ఆ రెండు నెలల్లోనే చూసేసుకోండి. జూన్ మొదటి వారందాకా ఆగితే రేవులో ఉన్న మెకానిక్కులందరి దగ్గరా వరస కట్టాల్సి వస్తుంది. కిట్లు కూడా ముందే తెప్పించుకోండి. సందర్శకుల బోట్లవాళ్ళు, వరద పనులకి బోట్లు ఇచ్చేవాళ్ళు ఎర్రనీరు రాకముందు ఒకసారి, తగ్గాక ఒకసారి పంపు విప్పి చూడటం మంచిది. బోటులో ఉంచాల్సిన పెట్టెలో ఒక ఇంపెల్లర్ కిట్, థర్మోస్టాట్ గ్యాస్కెట్, మీ బోల్టులకి సరిపడే స్పానర్లు, ప్లగ్గు స్పానరు, ఫ్యాను పిన్ను, చిన్న కత్తి, టార్చి, ఆ నైలాన్ దారం ముక్క. పెట్టెని నీళ్ళు చొరని సంచిలో కట్టి, లంగరు తాడు పక్కనే, చీకట్లో కూడా చేతికందే చోట పెట్టండి.